మూలనున్న చుక్కలు

ఆకాశం ఫొటో ఒకటి చూపిస్తే ఎవరి కళ్ళైనా ముందు మధ్యలోకే పోతాయి. గెలాక్సీయో, నెబ్యులానో ఉండేది అక్కడే కదా. టెలిస్కోపుకి కెమెరా తగిలించి రాత్రిళ్ళు మేలుకునే పిచ్చి పట్టినవాళ్ళు మాత్రం ముందు నాలుగు మూలలూ చూస్తారు. మధ్యలో ఉన్న చుక్క దాదాపు ప్రతి టెలిస్కోపులోనూ గుండ్రంగానే ఉంటుంది. టెలిస్కోపు అసలు సంగతి బయటపడేది మూలల్లోనే. అక్కడ చుక్కలు కోడిగుడ్లలా సాగుతాయి, పక్షుల్లా రెక్కలు విప్పుతాయి, తోకలు మొలిపించుకుంటాయి.

మూలా నక్షత్రం గురించి కాదు నేను చెప్పబోయేది. ఫొటో మూలన పడ్డ నక్షత్రాల గురించి. నూట ముప్ఫై యేళ్ళకు పైగా ఖగోళ ఛాయాచిత్రకారుల్ని ఏడిపిస్తున్నవి ఇవే. వీటితో వేగడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. అద్దాన్నే మార్చి చుక్కని గుండ్రంగా చేయడం ఒకటి. చుక్క ఎంత వంకరగా ఉందో కొలిచి, ఆ వంకరని లెక్కలోంచి తీసేయడం రెండోది. మొదటి దారిలో నడిచినవాళ్ళ పేర్లు టెలిస్కోపుల మీద చెక్కి ఉన్నాయి. రెండో దారిలో నడిచినవాళ్ళని మనం దాదాపు మరిచిపోయాం. అందులో హైదరాబాదు వాళ్ళూ ఉన్నారు.

తోక ఎందుకొస్తుంది

టెలిస్కోపు అద్దం నక్షత్రపు వెలుగునంతా ఒక బిందువు దగ్గరికి చేర్చాలి. నక్షత్రం సరిగ్గా ఎదురుగా ఉంటే, పెరాబోలా ఆకారంలో అరగదీసిన అద్దం ఆ పని చక్కగా చేస్తుంది. నక్షత్రం కొంచెం పక్కకి జరిగితే, అద్దం అంచులనించి వచ్చే వెలుగు ఒకచోట, మధ్యలోనించి వచ్చేది మరోచోట పడుతుంది. తల చిన్నగా మెరుస్తూ, వెనక పలచటి తోకతో ఒక ఆకారం తయారవుతుంది. దీన్నే కోమా అంటారు. కామెట్ అనే మాటా ఇదీ రెండూ జుట్టు అన్న అర్థం ఉన్న గ్రీకు మాటలోంచే వచ్చాయి. మనవాళ్ళకి అది తోక, వాళ్ళకి జుట్టు, అంతే తేడా.

జర్మనీకి చెందిన ఫిలిప్ ఫాన్ సైడెల్ 1850లలో ఇలాంటి దోషాలని అయిదుగా విడగొట్టి లెక్క కట్టాడు. గోళీయ దోషం, కోమా, ఆస్టిగ్మాటిజం, ఫీల్డు వంపు, డిస్టార్షన్. మొదటిది చిత్రమంతటా ఒకేలా ఉంటుంది. మిగిలిన నాలుగూ మధ్యలో సున్నా, మూలకి వెళ్ళేకొద్దీ పెరుగుతాయి. కోమా దూరంతో పాటు సమానంగా పెరిగితే, ఆస్టిగ్మాటిజం దూరపు వర్గంతో పెరుగుతుంది. ఇక టెలిస్కోపు ఎంత 'వేగమైనదైతే' కోమా అంత ఎక్కువ. ఎఫ్/8 టెలిస్కోపు కన్నా ఎఫ్/4 టెలిస్కోపులో నాలుగు రెట్లు.

ఒక ఉదాహరణ చూద్దాం. 200 మిల్లీమీటర్ల అద్దం, 800 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న ఎఫ్/4 న్యూటోనియన్ ఔత్సాహికుల దగ్గర తరచుగా కనిపించేదే. ఏపీఎస్-సీ సైజు సెన్సర్‌లో మూల, మధ్యనుంచి సుమారు 14 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. లెక్క వేస్తే అక్కడ కోమా పొడవు 40 ఆర్క్ సెకన్లు దాటుతుంది. మన వాతావరణంలోని అలజడి వల్ల చుక్క సహజంగా అలుక్కునేది రెండు మూడు ఆర్క్ సెకన్లే. అంటే ఇది చూసీ చూడనట్టు వదిలేయగలిగిన దోషం కాదు.

ఈ రోజుల్లో దీనికి మందు ఒక కరెక్టర్ లెన్సు. దాన్ని సెన్సర్‌కి ముందు సరిగ్గా చెప్పిన దూరంలో బిగించాలి. చాలా కరెక్టర్లకి ఆ దూరం 55 మిల్లీమీటర్లు. ఈ అంకె ఏ ఖగోళ సిద్ధాంతంలోంచీ ఊడిపడలేదు. జపాను కంపెనీ టామ్రాన్ 1957లో తన లెన్సులు ఏ కెమెరాకైనా పట్టేలా టీ-మౌంట్ అనే బిగింపు తెచ్చింది. దానికి పెట్టుకున్న దూరం 55. ఫిలిం కెమెరాలు పోయాయి, వాటి లెన్సులూ అటకెక్కాయి, ఆ అంకె మాత్రం టెలిస్కోపుల్లో బతికే ఉంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇలాంటివి కొత్త కాదు. ఎవరో ఎప్పుడో పెట్టిన విలువ, ఎందుకు పెట్టారో తెలియకుండానే ముప్ఫై యేళ్ళు నడిచిపోతుంది.

సరే, రోగం ఏదో ఎలా పట్టుకోవాలి? నాలుగు మూలల్లోనూ చుక్కలు మధ్యనుంచి బయటికి కిరణాల్లా సాగితే, సాధారణంగా సెన్సర్ కరెక్టర్‌కి మరీ దగ్గరగా ఉందని అర్థం. మధ్య చుట్టూ చక్రం తిప్పినట్టు సాగితే దూరం ఎక్కువైందని. ఒక మూలో ఒక వైపో మాత్రమే చెడితే ఏదో ఒకటి వాలి ఉంది. మధ్యలో ఉన్నవాటితో సహా అన్నీ ఒకే వైపుకి సాగితే తప్పు అద్దాలది కాదు, ఆకాశాన్ని వెంబడించే మోటారుదో, వీచే గాలిదో.

వాలింది కెమెరానా, టెలిస్కోపా? దీనికో చక్కటి పరీక్ష ఉంది. కెమెరాని సగం చుట్టు తిప్పి మళ్ళీ ఫొటో తీయాలి. చెడ్డ మూల ఫొటోలో ఉన్నచోటే ఉంటే తప్పు కెమెరా వైపుది. ఫొటోలో అటునుంచి ఇటుకి మారితే తప్పు టెలిస్కోపుది. ఒకే దాన్ని రెండు స్థానాల్లోంచి చూసి, ఏది మారింది, ఏది మారలేదు అని అడగడమే ఇందులో కిటుకు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మూలే లేని అద్దం

మొదటి దారిలో అందరికన్నా ముందు చెప్పాల్సింది బెర్న్‌హార్డ్ ష్మిట్ గురించి. 1879లో ఇప్పటి ఎస్తోనియాలో ఒక చిన్న దీవిలో పుట్టాడు. కుర్రతనంలో మందుగుండుతో ఆడుతూ కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క చేత్తోనే అద్దాలు అరగదీసి బతికాడు. 1920లలో హాంబుర్గ్ అబ్జర్వేటరీకి చేరాడు. 1929లో సూర్యగ్రహణం కోసం వాల్టర్ బాడేతో కలిసి ఫిలిప్పీన్స్ వెళ్ళాడు. ఆ సముద్ర ప్రయాణంలోనే తన ఆలోచన బాడేతో చెప్పాడు.

ఆ ఆలోచన వింటే ఇంతేనా అనిపిస్తుంది. పెరాబోలా అద్దానికి ఒక అక్షం ఉంది. అక్షం ఉంది కాబట్టి 'ఎదురు', 'పక్క' అని తేడా వచ్చింది. గోళాకారపు అద్దానికి ప్రత్యేకమైన అక్షం ఏదీ లేదు. దాని వంపు కేంద్రం దగ్గర ఒక రంధ్రం పెట్టి, వెలుగుని అందులోంచే రానిస్తే, ఏ దిక్కునుంచి వచ్చిన వెలుగుకైనా అద్దం ఒకేలా కనిపిస్తుంది. అన్ని దిక్కులూ సమానమే, ఇక మూలలో చుక్కకి తోక రావడానికి కారణమే లేదు. గోళాకారపు అద్దానికి ఉండే గోళీయ దోషం మిగిలిపోతుంది. అది అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది కాబట్టి, రంధ్రం దగ్గర పలచటి గాజు పలక ఒకటి పెట్టి సరిచేయవచ్చు. ఆ పలకకి కావలసిన చిత్రమైన వంపు కోసం ష్మిట్ గాజుని ఒక పాత్ర మీద పెట్టి, కిందనుంచి గాలి లాగేసి, అది వంగి ఉండగా అరగదీశాడు. గాలి వదలగానే గాజు తనంతట తానే కావలసిన ఆకారానికి వచ్చింది. 1930లో కెమెరా తయారైంది. దాన్ని వివరిస్తూ రాసిన వ్యాసానికి శీర్షికలోనే 'కోమా లేని అద్దాల వ్యవస్థ' అని పెట్టుకున్నాడు. 1935లో మానసిక చికిత్సాలయంలో పోయాడు. 1949లో మొదలుపెట్టి ఉత్తరాకాశాన్నంతటినీ ఫొటోలు తీసిన పాలోమార్ 48 అంగుళాల టెలిస్కోపు ఆయన పద్ధతిదే.

ఐతే దీనికీ ఓ మూల్యం ఉంది. ష్మిట్ కెమెరాలో బొమ్మ చదునుగా పడదు, వంపు తిరిగి పడుతుంది. పాలోమార్‌లో 14 అంగుళాల గాజు ప్లేట్లని ప్రతిసారీ జాగ్రత్తగా వంచి బిగించేవాళ్ళు. 2009లో అంతరిక్షానికి వెళ్ళిన కెప్లర్ కూడా ష్మిట్ కెమెరానే. సిలికాన్‌ని గాజులా వంచలేరు కాబట్టి అందులో 42 సెన్సర్లని ఒక వంపు మీద పెంకుల్లా పేర్చారు. దోషం పోదండీ, ఒకచోటినుంచి ఇంకోచోటికి మారుతుంది.

సాగదీసిన బొమ్మ

ఇంకో జంట కథ కూడా క్లుప్తంగా చెప్పాలి. అమెరికాలో జార్జ్ రిచీ, ఫ్రాన్సులో ఆన్రీ క్రెత్యాఁ కలిసి, రెండు అద్దాలకీ హైపర్బోలా వంపు ఇస్తే కోమా పోతుందని తేల్చారు. రిచీకి మౌంట్ విల్సన్ పెద్దలతో పడలేదు, 1919లో ఉద్యోగం పోయింది. వాళ్ళు 200 అంగుళాల పాలోమార్ అద్దానికి కూడా ఆయన పద్ధతి వాడలేదు. ఇప్పుడైతే హబుల్‌తో సహా పెద్ద టెలిస్కోపులు ఎన్నో ఆ పద్ధతివే.

ఈ క్రెత్యాఁయే 1920లలో మరో లెన్సు కనిపెట్టాడు. ఇది వంకరని తీసేసేది కాదు, కావాలని వంకర చేసేది. విశాలమైన దృశ్యాన్ని పక్కలనుంచి నొక్కి మామూలు ఫిలింలో ఇరికిస్తుంది, ప్రొజెక్టరు దగ్గర మళ్ళీ సాగదీస్తుంది. 1953లో హాలీవుడ్ దాన్ని సినిమాస్కోప్ అని పేరు పెట్టి తెరకెక్కించింది. 1974లో తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రంగా 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. ఆ తెర మీద మన్యం కొండలు అంత వెడల్పుగా పరుచుకోవడం వెనక, నక్షత్రాల తోకలు కత్తిరించిన మనిషి చెయ్యి ఉంది. వంకర ఎంత ఉందో కచ్చితంగా తెలిస్తే దాన్ని వెనక్కి తిప్పవచ్చు అన్నదే ఆ లెన్సు సూత్రం. రెండో దారి సూత్రమూ సరిగ్గా అదే.

ఒకదాని మూల, ఇంకోదాని నడుమ

1882లో ఆకాశంలో ఒక పెద్ద తోకచుక్క వచ్చింది. దక్షిణాఫ్రికాలోని కేప్ అబ్జర్వేటరీలో డేవిడ్ గిల్, స్థానిక ఫొటోగ్రాఫరు సాయంతో దాన్ని ఫొటోలు తీయించాడు. తోకచుక్క బాగానే పడింది, దాని వెనక లెక్కలేనన్ని చుక్కలు కూడా పడ్డాయి. ఐతే ఆకాశం పటమంతా ఫొటోలతోనే తీయొచ్చు కదా అనిపించింది. పారిస్‌లో ఆన్రీ సోదరులకి అప్పటికే అందుకు తగ్గ టెలిస్కోపు ఉంది. పారిస్ అబ్జర్వేటరీ అధిపతి ముషే 1887లో ప్రపంచ ఖగోళవేత్తల్ని పిలిచి సమావేశం పెట్టాడు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి 18 అబ్జర్వేటరీలకి పంచారు. పథకం పేరు 'కార్త్ దు సియెల్', అంటే ఆకాశపటం. దాంట్లో భాగంగా పదకొండో తరగతి ప్రకాశం దాకా ఉన్న నక్షత్రాల స్థానాలన్నీ కొలిచి పట్టిక వేయాలి.

అందరూ ఒకే కొలతకి కట్టుబడ్డారు. ప్లేటు మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో 60 ఆర్క్ సెకన్లు. ఒక్కో ప్లేటు రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఆకాశాన్ని పడుతుంది. అప్పటి లెన్సులకి ష్మిట్ లేడు, క్రెత్యాఁ లేడు. మూలలు చెడతాయని వాళ్ళకి తెలుసు. ఆ సంగతిని దాచిపెట్టలేదు, పథకంలోనే దానికి చోటిచ్చారు.

మొదటి జాగ్రత్త ఏమిటంటే, ప్రతి ప్లేటు మీదా నక్షత్రాలతో పాటు 5 మిల్లీమీటర్ల గళ్ళని కూడా ముద్రించారు. రసాయనాలలో తడిసి ఆరేటప్పుడు ప్లేటు పూత ఎక్కడైనా జరిగితే గళ్ళూ దానితో పాటే జరుగుతాయి, దొరికిపోతుంది. రెండో జాగ్రత్త ఇంకా అందమైనది. ఆకాశాన్నంతా రెండు వరసలు తీశారు. మొదటి వరసలో ఒక ప్లేటు మూలన పడ్డ జాగా, రెండో వరసలో ఇంకో ప్లేటు నడిమధ్యకి వచ్చేలా పేర్చారు. ఒక చోట మూలన పడి తోక మొలిచిన చుక్క, మరో చోట మధ్యన నిటారుగా కూర్చుంటుంది. రెండిటినీ పక్కపక్కన పెడితే చాలు, లెన్సు ఎంత అబద్ధమాడుతోందో తేలిపోతుంది. కెమెరా తిప్పి చూసే పరీక్ష చెప్పానే, అదే కిటుకు, ఆకాశమంతటికీ.

అసలు స్థానాలు కొలిచేవాళ్ళకి మూలచుక్కతో తంటా ఏమిటి, కాస్త తోక ఉంటే మాత్రం? తంటా ఉంది. మసక నక్షత్రానికి తల మాత్రమే ప్లేటు మీద పడుతుంది. ప్రకాశవంతమైన నక్షత్రానికి తోక కూడా పడుతుంది, దాంతో బొమ్మ మధ్యబిందువు బయటికి జరుగుతుంది. రెండు నక్షత్రాలు పక్కపక్కనే ఉన్నా, వెలుగులో తేడా ఉంటే వాటి మధ్య దూరం తప్పు వస్తుంది. కాబట్టి కోమా అందానికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు, అది నక్షత్రాన్ని ఉన్నచోటినుంచి కదిపేస్తుంది.

బేగంపేట పలకలు

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో టెలిస్కోపులు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకి మారింది. నిజామియా అబ్జర్వేటరీ అంటే ఇదే. అక్కడున్న 8 అంగుళాల కుక్ టెలిస్కోపు ఫొటోల కోసమే చేసింది.

చిలీలోని శాంటియాగో అబ్జర్వేటరీకి అప్పజెప్పిన పట్టీ అక్కడ ముందుకి సాగలేదు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉండే ఆ పట్టీ హైదరాబాదుకి వచ్చింది. అనూరాధ నక్షత్రంలో కొంత భాగం ఈ పట్టీలోనే ఉంది. సిరియస్ దీనికి కాస్త పైన, వెంట్రుకవాసిలో తప్పిపోయింది. 1914లో ఆక్స్‌ఫర్డునుంచి రాబర్ట్ పోకాక్ డైరెక్టరుగా వచ్చాడు. ఆక్స్‌ఫర్డులో హెర్బర్ట్ టర్నర్ ఈ ప్లేట్ల లెక్కని సులువు చేసినవాడు. ఒక్కో నక్షత్రానికీ ఆకాశంలో స్థానం వేరువేరుగా కట్టనక్కర్లేదు, ప్లేటు మీది అడ్డు, నిలువు కొలతలు రాసుకుని, ప్లేటు మొత్తానికి ఆరు స్థిరాంకాలు కడితే సరిపోతుందని ఆయన చూపించాడు. 1918లో పోకాక్ చనిపోయాక టి. పి. భాస్కరన్ పగ్గాలు పట్టి 1944 దాకా నడిపించారు. 1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకి వచ్చింది. దక్షిణ పట్టీ పూర్తి చేయడమే కాక, జర్మనీలో పోట్స్‌డామ్ వాళ్ళు పూర్తి చేయలేక వదిలిన వాటాలోంచి ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల ముక్కని కూడా హైదరాబాదు చేసింది. అభిజిత్ ఉన్నది ఆ ముక్కలోనే.

పని ఎలాంటిదో ఊహించుకోండి. రాత్రి ప్లేటు తీయడం సులభమైన భాగం. పగలు సూక్ష్మదర్శినిలోకి తల వంచి, గళ్ళ మధ్య ఒక్కో చుక్కా ఎక్కడుందో అడ్డుగా ఇంత, నిలువుగా ఇంత అని చదివి రాయాలి. పావు ఆర్క్ సెకను తేడా అంటే ప్లేటు మీద 4 మైక్రాన్లు. ఇలా లక్షల చుక్కలు. ఆ అంకెలన్నీ సంపుటాలుగా అచ్చయ్యాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది పేర్లు అంకెల కింద లేవు.

మూలనుంచి బయటికి

ఈ పథకానికి మంచి పేరు రాలేదు. పటాల భాగం పూర్తి కానే లేదు. పట్టికల ఆఖరి సంపుటాలు 1960లలో గాని అచ్చవలేదు. 1970లో అంతర్జాతీయ ఖగోళ సంఘం దీని కమిషన్ని రద్దు చేసింది. అమెరికన్లు నక్షత్రాల వర్ణపటాలు తీసి కొత్త భౌతికశాస్త్రం కట్టుకుంటున్న కాలంలో, యూరప్ అబ్జర్వేటరీలు చుక్కలు లెక్కపెడుతూ రెండు తరాలు పోగొట్టుకున్నాయన్న విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజం ఉందనే నేనూ అనుకుంటాను. ఎవరూ తెరవని సంపుటాలు గ్రంథాలయాల్లో మూలనపడ్డాయి.

1989లో యూరప్ వాళ్ళు హిపార్కస్ ఉపగ్రహాన్ని పంపారు. అది నక్షత్రాల స్థానాలని అంతకుముందు ఎన్నడూ లేనంత కచ్చితంగా కొలిచింది. కానీ పనిచేసింది 1993 దాకానే. నక్షత్రం ఎటు, ఎంత వేగంగా కదులుతోందో తెలియాలంటే పాత స్థానం కూడా కావాలి, ఎంత పాతదైతే అంత మంచిది. ఎనభై యేళ్ళనాటి కొలతలు ఎక్కడున్నాయి? మూలనపడ్డ సంపుటాల్లో.

ఇక్కడే ఆ పాత పనివాళ్ళ నిజాయితీ పనికొచ్చింది. వాళ్ళు తమ కాలపు లెక్కలతో వండి వార్చిన ఆకాశ స్థానాలు మాత్రమే అచ్చేసి ఉంటే, వాళ్ళ తప్పులు అందులో కలిసిపోయి విడదీయలేకుండా ఉండేవి. చాలా అబ్జర్వేటరీలు ప్లేటు మీద చదివిన అడ్డు, నిలువు అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు అచ్చేశాయి. మా భాషలో చెప్పాలంటే లాగ్‌ని చెరపలేదు. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ వాళ్ళు ఆ అంకెలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, పట్టీ పట్టీకీ లెన్సు దోషం ఎంత, కోమా ఎంత, వెలుగుని బట్టి జరిగింది ఎంత అని కొత్తగా లెక్కకట్టి తీసేశారు. అలా 46 లక్షల నక్షత్రాల పట్టిక తయారైంది. దాన్నీ, మరికొన్ని పాత పట్టికల్నీ ఉపగ్రహపు కొలతలతో కలిపి 2000లో టైకో-2 వెలువడింది. 25 లక్షల నక్షత్రాల స్థానాలు, వాటి కదలికలు. బేగంపేటలో ఎవరో కళ్ళు చిట్లించి చదివిన అంకెలు అందులో ఉన్నాయి.

దాని తర్వాత గయా ఉపగ్రహం వచ్చి, ఏ పాత ప్లేటు సాయం లేకుండానే వంద కోట్లకు పైగా నక్షత్రాల కదలికల్ని కొలిచింది. అంటే ఆ పాతపని కథ అయిపోయినట్టేనా? పూర్తిగా కాదు. ఒక నక్షత్రం పక్కన కనిపించని తోడు ఉంటే, కొద్ది యేళ్ళలో కొలిచిన కదలికకీ, శతాబ్దం మీద సగటు కదలికకీ తేడా వస్తుంది. గయా ఎంత గొప్పదైనా 1920లోకి వెళ్ళి ఫొటో తీయలేదు.

బేగంపేటలో పనిచేసిన ఒకాయన కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్ళారు. 1949లో అక్కడ తీసిన ప్లేటు మీద ఒక తోకచుక్కని గుర్తుపట్టారు. దానికి బప్పు-బోక్-న్యూకర్క్ అని పేరు. మూలల్లో ప్రతి నక్షత్రానికీ తోక మొలిచే వ్యాపారంలో, అసలు తోకచుక్కని ఎలా గుర్తుపడతారు? దొంగతోక చిత్రం మధ్యనుంచి బయటికి చూస్తుంది. అసలు తోక సూర్యుడికి ఎదురువైపు చూస్తుంది, చిత్రం మధ్య ఎక్కడుందో దానికి పట్టదు. దొంగతోకల తీరు తెలిసినవాడికే అసలుది కనిపిస్తుంది.

ఇప్పుడు మూడో దారి ఒకటి వచ్చింది. వేల చిత్రాలు నేర్చుకున్న సాఫ్ట్‌వేర్, మూలచుక్కల్ని క్షణాల్లో గుండ్రంగా చేసిపెడుతుంది. గోడకి వేలాడదీసే బొమ్మకైతే నాకేం అభ్యంతరం లేదు, నేనూ వాడతాను. కానీ అది దోషాన్ని కొలవదు, కప్పుతుంది. సెన్సర్ వాలిందా, దూరం తప్పిందా అన్న సమాధానం ఆ వంకరలోనే ఉంది. వంకర చెరిపితే సమాధానమూ పోతుంది. అందుకే దిద్దని ఫొటోని పారేయకుండా దాచమని కొత్తగా వచ్చేవాళ్ళకి చెబుతుంటాను. పోకాక్, భాస్కరన్‌ల దగ్గర కోమాని తీసేసే సాధనం లేదు. ఉన్నదల్లా ఉన్నట్టు రాసిపెట్టే ఓపిక. ఆ వంకర చుక్కల్ని వంకరగానే రాసిపెట్టారు కాబట్టి, ఎనభై యేళ్ళ తర్వాత ఇంకెవరో వాటిని సరిచేయగలిగారు.